కారు అద్దానికి కొత్త ఫిల్మ్ ఏపిచ్చినవా? నెల రోజులు జర ఓపిక పట్టు

ఎండలు ముదిరితే చాలు, మండల కేంద్రాలల్ల కారు సామాన్ల దుకాణాల ముంగట "కూలింగ్ ఫిల్మ్ ఏయబడును" అని బోర్డులు లేస్తయి. రామగుండం, కొత్తగూడెం దిక్కు 45 డిగ్రీలు కొట్టే ఎండల పొద్దంత స్టీరింగు పట్టుకొని కూసునేటోనికి ఆ ఫిల్మ్ షోకు కాదు, అవసరం. ముఖ్యంగ కిస్తీల మీద బండి తీస్కొని కిరాయిలకు తిప్పుకునే మన పోరలకు. ఏసీ పెట్టుకుంటె డీజిల్ తాగుతది, పెట్టుకోకుంటె పానం పోతది. అందుకే అప్పోసప్పో చేసి వేలకు వేలు పెట్టి అద్దాలకు ఫిల్మ్ ఏపిచ్చుకుంటరు.

అసలు కథ ఆ తెల్లారి మొదలైతది. రెండో దినం అద్దం నిండ నీటి బుడగలు కనబడుతయి. "దుకాణపోడు మోసం చేసిండు" అనుకొని గోరుతోని ఒత్తుతరు. మూడో దినం టోలుగేటు కాడ అద్దం దించుతరు, పై అంచు లేస్తది. వారానికి దుమ్ము పట్టిందని తడిగుడ్డ పెట్టి బరబర తోముతరు, గీతలు పడతయి. పదో దినం చౌరస్తల పోలీసాయన చెయ్యెత్తి ఆపుతడు, చలాన్ రాస్తడు, కొన్ని చోట్ల అక్కడికక్కడ్నే ఫిల్మ్ గుంజి పారేపిస్తడు. పెట్టిన పైసలన్నీ పది దినాలల్ల రోడ్డు పక్కన చెత్త.

ఇందుల మొదటి మూడు నష్టాలు ఆ ఫిల్మ్ ఎట్ల పని చేస్తదో తెలిస్తె రావు. నాలుగోది లెక్క తెలిస్తె రాదు. రెండూ ఈడ చెప్పుకుందాం.

ఫిల్మ్ అంటె ఏంది, అంటుకునుడు అంటె ఏంది

చాలమంది దీన్ని "పేపర్" అంటరు గని ఇది పేపర్ కాదు. పాలిస్టర్ ప్లాస్టిక్ పొర. మందం వెంట్రుకంత కూడ ఉండదు, అందుల్నే రెండు మూడు పొరలు కలిసి ఉంటయి. ఒక పొరల రంగు గని, లోహం గని, కార్బన్ గని, సిరామిక్ పొడి గని ఉంటది. లోపలి దిక్కు, అంటె మనం కూసునే దిక్కు, గీతలు పడకుంట గట్టి పూత ఉంటది. అద్దానికి తాకే దిక్కు జిగురు ఉంటది. ఆ జిగురు మీద ఒక పలచటి కవరు ఉంటది, ఏసేటప్పుడు దాన్ని తీసి పారేస్తరు.

ఏసేటాయన అద్దం మీద సబ్బు నీళ్లు చల్లుతడు. ఎందుకంటె జిగురు పొడి అద్దం మీద పడ్డదంటె ఆడ్నే పట్టుకుంటది, మల్ల జరగదు. నీళ్లుంటె ఫిల్మ్‌ను ఇటు అటు జరిపి సరిగ్గ కూసోబెట్టొచ్చు. కూసున్నంక రబ్బరు పట్టీతోని నడిమి కాడికెల్లి అంచులకు నీళ్లు నూకుతడు. ఎంత పనిమంతుడైన నూటికి నూరు పాళ్లు నీళ్లు నూకలేడు. పలచటి తడి పొర ఫిల్మ్‌కు, అద్దానికి నడుమ మిగుల్తది. ఆ తడి ఎటు పోవాలె? అద్దం నుంచి పోలేదు. ఫిల్మ్‌ల నుంచే మెల్లమెల్లగ ఆవిరై బయటకు రావాలె. అది పోయిన కొద్దీ జిగురు అద్దాన్ని గట్టిగ పట్టుకుంటది. ఈ మొత్తం పనినే దుకాణాలల్ల "క్యూరింగ్" అంటరు.

క్యూరింగ్ అనంగనే మనకు కొత్త స్లాబ్ యాదికొస్తది. స్లాబుకు దినాం నీళ్లు పట్టాలె, అప్పుడే గట్టిపడతది. ఫిల్మ్‌ది ఉల్టా. దీనికి నీళ్లు పోవాలె, అప్పుడే గట్టిపడతది. కని ఒక్క మాట రెండింటికి వర్తిస్తది: గడువు నిండక ముందు దాని మీద బరువు పెట్టొద్దు.

ఎన్ని దినాలు ఆగాలె

ఒక్క లెక్క అందరికీ పనికిరాదు. ఎండకాలంల బండి ఎండల నిలబెడితె మూడు నుంచి ఐదు దినాలల్ల చాలమట్టుకు పట్టుకుంటది. ముసురు పట్టిన వానకాలంల, పుష్యమాసపు చలిల వారాలు పడతది, నెల దాక కూడ పోవొచ్చు. మందంగ ఉండే ఫిల్మ్‌లు, లోహపు పొర ఉండే ఫిల్మ్‌లు ఇంక నిదానంగ ఆరుతయి, ఎందుకంటె వాటిల్నుంచి తడి తొందరగ బయటకు రాదు. అందుకే ఎవరడిగిన నేను చెప్పే మాట ఒక్కటే. అద్దం దించకుంట ఐదు దినాలు, లోపల తుడవకుంట నెల రోజులు. ఎక్కువైతె నష్టం లేదు, తక్కువైతె నష్టం.

కొత్త ఫిల్మ్ ఏసినంక బండిని నీడకు పెట్టాలనిపిస్తది. ఆ మొదటి దినాలల్ల ఎండే మంచిది. పొద్దుగాల ఒక దిక్కు, పొద్దు తిరిగినంక ఇంకో దిక్కు అద్దాలకు ఎండ తగిలేటట్టు బండి మార్చి పెడితె ఇంక మంచిది. దానికంటె ఎక్కువ ఏం చెయ్యొద్దు. ఇంట్ల జుట్టు ఆరబెట్టే మిషిన్ తెచ్చి అద్దానికి పెట్టేటోళ్లు ఉన్నరు. ఒక్క చోట్నే వేడి కొడితె ఫిల్మ్ ముడుచుకపోతది, అది మల్ల సాఫు కాదు.

అద్దం ఎందుకు దించొద్దు

డోరు అద్దం దించినప్పుడు అది డోరు లోపలికి దిగుతది. ఆ దిగే సందుల రెండు దిక్కుల రబ్బరు, ఉన్ని లెక్క ఉండే పట్టీలు అద్దాన్ని గట్టిగ ఒత్తుకుంట ఉంటయి, దుమ్ము, నీళ్లు లోపలికి పోకుంట. జిగురు ఇంక పచ్చిగ ఉన్నప్పుడు దించితె ఆ పట్టీలు ఫిల్మ్‌ను గీక్కుంట పోతయి. మల్ల పైకి లేపినప్పుడు పై అంచు లేస్తది. లేసిన అంచుల దుమ్ము పోతది. దుమ్ము పోయిన జిగురు మల్ల అంటదు. అంటె ఒక్కసారి దించుడుతోని ఆ అద్దం మొత్తం మల్ల ఏపిచ్చుకోవాల్సి వస్తది.

నీకు తెలుసు, నువ్వు దించవు. కని బండిల ఎక్కిన మామకు తెల్వదు, ఎనుక కూసున్న పిల్లగానికి అసలే తెల్వదు. అందుకే ఫిల్మ్ ఏసిన దినమే రెండు పనులు చెయ్యి. డ్రైవరు కాడ ఉండే అద్దాల లాక్ బటన్ నొక్కి పెట్టు, ఎనుక స్విచ్చులు పని చెయ్యవు. అన్ని స్విచ్చుల మీద టేపు ముక్క అంటియ్యి, ఎవరన్న నొక్కబోతె చెయ్యికి తగిలి ఆగుతరు. టోలుగేటు కాడ, పార్కింగు కాడ మాట్లాడాలంటె డోరు జర తెరువు. పాన్ పరాగ్ ఉమిసేటోళ్లకు ఈ ఐదు దినాలు కష్టమే. కష్టమైనా మంచిదే.

బుడగలల్ల మంచియి, చెడ్డయి

కొత్త ఫిల్మ్ మీద కనబడే ప్రతి బుడగ తప్పు పని కాదు. ఇది సమజ్ కాక దుకాణాల కాడ లొల్లులు అయితయి. ఆ ఫిల్మ్ ఏసే పోరడు కూడ ఏదో ఊరు నుంచి వచ్చి, అద్దానికి ఇంత అని కూలి తీస్కొని, నడుం ఒంచి పని చేసేటోడే. వాని తప్పు ఉంటె అడగాలె, లేకుంటె ఒర్రొద్దు. తేడా ఎట్ల తెలుస్తదో చూడుండ్రి.

నీటి బుడగలు: గుండ్రంగ, సాఫుగ, ముట్టుకుంటె మెత్తగ ఉంటయి. ఎండల చూస్తె వాటిల నీళ్లు మెరుస్తయి. మొదటి వారంల ఇయి మామూలు. అట్లనే అద్దం అంతట పాలు కలిపినట్టు మసకమసకగ కనబడొచ్చు, అది కూడ తడే. దినాం జరంత తగ్గుకుంట పోతయి. సూదితోని పొడవొద్దు, గోరుతోని, ఏటీఎం కార్డుతోని నూకొద్దు. సూది బొక్క శాశ్వతం, బుడగ తాత్కాలికం.

మట్టి కణాలు: ఇసుక రేణువంత గట్టిగ, చుట్టూ చిన్న గుండ్రం లేసినట్టు ఉంటయి. ఇయి ఆరినా పోవు. అద్దానికి ఒకటి రెండు ఉంటె సర్దుకోవాలె, దుమ్ము లేని జాగ లోకంల లేదు. చూపుకు అడ్డమొచ్చేంత ఉంటె అది పని తప్పు. రోడ్డు పక్కన, చెట్టు కింద, లారీలు పోయే చోట ఏసేటోళ్ల కాడ ఇట్లనే అయితది. నాలుగు గోడలు, పైన రేకు ఉన్న షెడ్డుల ఏసే దుకాణం వెతుక్కో.

గాలి బుడగలు, ముడతలు: వేలు లెక్క పొడుగ్గ లేసినయి, మడత పడ్డయి, అంచుల కాడ లేసినయి నెలైనా పోవు. ఇయి దుకాణపోళ్లు మల్ల ఏసి ఇయ్యాలె.

నెల తర్వాత కూడ నీటి బుడగ అట్లనే ఉంటె, అప్పుడు బండి తీస్కపోయి చూపియ్యి. అందుకే పైసలిచ్చిన దినమే బిల్లు తీస్కో. బిల్లు మీద ఫిల్మ్ కంపెనీ పేరు, రకం, ఎంత వెలుగు పోనిస్తదనే శాతం, ఎన్నేండ్ల వారంటీ ఇయ్యన్ని రాపిచ్చుకో. "మనోళ్లే కదా, నోటి మాట చాలు" అనొద్దు. ఆ బిల్లు పోలీసాయన ముంగట కూడ పనికొస్తది, అది ఎందుకో కింద చెప్త.

తుడుసుడు ఎట్ల

నెల నిండినంక లోపలి దిక్కు తుడవొచ్చు. బయటి దిక్కు ఎప్పుడైనా కడగొచ్చు, ఎందుకంటె ఫిల్మ్ లోపల ఉంటది. కని మొదటి దినాలల్ల ప్రెషర్ నీళ్లు రబ్బరు సందులల్లకు కొట్టియ్యొద్దు.

లోపల తుడిసేటందుకు రెండు మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, మామూలు నీళ్లల్ల రెండు చుక్కల షాంపూ చాలు. ఒక గుడ్డ తడిపి పిండి తుడువు, ఇంకోటి పొడిగ తుడువు. నీళ్లు అద్దం మీద కాదు, గుడ్డ మీద చల్లాలె. అద్దం మీద చల్లితె కారి స్విచ్చులల్లకు, స్పీకర్లల్లకు పోతయి, అంచుల కాడ జిగురుల్లకు కూడ పోతయి.

ఇయి మాత్రం ఫిల్మ్ కాడికి రానియ్యొద్దు. అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్: సీసా మీద రాసి ఉంటది, చదువుకో. అమ్మోనియా ఫిల్మ్ రంగును, జిగురును మెల్లగ తింటది. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే నీళ్లు అసలే వద్దు. గిన్నెలు తోమే పీసు, సబీనా పొడి గీతలు ఏస్తయి. పాత పేపరుతోని తుడిసే అలవాటు మన దిక్కు మస్తు ఉంది, మామూలు అద్దానికి బాగనే ఉంటది, ఫిల్మ్‌కు వద్దు.

ఊరి బండ్లకు ఇంకో గోస ఉంటది, పట్నపు బండ్లకు ఉండది. మనం కారును కారు లెక్క వాడం, ట్రాలీ లెక్క వాడుతం. ఎనుక సీటు మీద యూరియా బస్తాలు, డ్రిప్పు పైపులు, కొడవండ్లు, పెండ్లి డేక్షాలు. ఆ పైపు మొన ఒక్కసారి ఎనుక అద్దానికి రాసిందంటె ఫిల్మ్ చీరుతది. లోడు ఏసేటప్పుడు అద్దం దిక్కు పాత దుప్పటి అడ్డం పెట్టు. సీటు బెల్టు ఇడిసేటప్పుడు దాని ఇనుప కొస ఎగిరి అద్దానికి కొట్టుకుంటది, చేత పట్టి ఇడువు.

స్టిక్కర్ల సంగతి. దేవుని బొమ్మ, హీరో బొమ్మ, పార్టీ గుర్తు, కులం పేరు, ఏదైనా సరే ఫిల్మ్ మీద అంటిస్తె, తీసేనాడు స్టిక్కరుతోని పాటు ఫిల్మ్ కూడ లేస్తది. పీల్చుకొని పట్టే రబ్బరు కప్పుల పరదాలు, ఫోను స్టాండ్లు కూడ అంతే. ఫాస్టాగ్‌ది ఇంక జాగ్రత్త. దాన్ని ముంగటి అద్దం మీద నేరుగ గాజుకే అంటియ్యాలె. లోహం పొర ఉండే ఫిల్మ్ నడుమ ఉంటె టోలుగేటు మిషిన్‌కు సిగ్నల్ అందదు, ఫోను సిగ్నల్, జీపీఎస్ కూడ తగ్గొచ్చు. పాత ఫాస్టాగ్ పీకి మల్ల అంటిస్తె పని చెయ్యదు, పీకంగనే ఖరాబైతందుకే దాన్ని అట్ల చేస్తరు.

పాత ఫిల్మ్ తీపియ్యాలంటె వేడి చేసి మెల్లగ గుంజాలె, బ్లేడు పెట్టి గీకొద్దు. ముఖ్యంగ ఎనుక అద్దం మీద సన్నటి గీతలు ఉంటయి కదా, అయి మంచు, ఆవిరి పోగొట్టే కరెంటు తీగలు. బ్లేడు తగిలి ఒక్కటి తెగినా ఆ గీత పని చెయ్యదు.

నలుపు అంటె చల్లదనం కాదు

ఇది మనోళ్లకు బుర్రకెక్కని సంగతి. ఎంత నల్లగుంటె అంత సల్లగుంటది అనుకుంటరు. ఎండల మూడు రకాల కిరణాలు వస్తయి. కంటికి కనబడే వెలుగు, కనబడని ఇన్‌ఫ్రారెడ్, కనబడని అతినీలలోహిత కిరణాలు. మనకు తగిలే సూర్యుని శక్తిల సుమారు సగం ఇన్‌ఫ్రారెడే. చవక నల్ల ఫిల్మ్ రంగుతోని వెలుగును ఆపుతది గని ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ ఆపదు. పైంగ రంగు ఎండను పీల్చుకొని తానే వేడెక్కి, ఆ వేడిని లోపలికి కూడ వదుల్తది. రెండు మూడేండ్లకు రంగు చెడి వంకాయ రంగుకు తిరుగుతది, అసొంటి బండ్లు మీరు చూసే ఉంటరు.

మంచి సిరామిక్ ఫిల్మ్ దాదాపు తెల్లగ, సాఫుగ కనబడ్డా వేడిని బాగ ఆపుతది. అందుకే దుకాణంల "ఎంత నలుపు?" అని అడగొద్దు, "మొత్తం ఎండ శక్తిల ఎంత శాతం ఆపుతది?" అని అడుగు. ఆ అంకెను టీఎస్ఈఆర్ అంటరు. దుకాణపాయన బల్బు పెట్టి, నడుమ ఫిల్మ్ ముక్క పెట్టి "చెయ్యి పెట్టి చూడు, వేడి తెలుస్తలేదు" అని చూపిస్తడు. ఆ బల్బు వేడి దాదాపు అంత ఇన్‌ఫ్రారెడే, ఎండ వేరు. బల్బును నమ్మొద్దు, కంపెనీ కాయితం మీది అంకెను చూడు. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్ననంటె, సల్లదనానికి నలుపు అక్కర లేదని తెలిస్తె చట్టంతోని లొల్లి సగం తీరుతది.

చట్టం ఏం చెప్తది

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలల్ల 100వ రూలు ఉంది. ముంగటి, ఎనుక అద్దాల నుంచి కనీసం 70 శాతం వెలుగు లోపలికి పోవాలె, పక్క అద్దాల నుంచి కనీసం 50 శాతం పోవాలె అంటది. 2012 ఏప్రిల్ 27 నాడు అవిషేక్ గోయెంకా అనే పౌరుడు ఏసిన కేసుల సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. గాజు తయారైనప్పుడే ఆ శాతంల ఉండాలె గని, దాని మీద ఏ శాతం ఫిల్మ్ కూడ అంటియ్యొద్దు అన్నది. నల్ల అద్దాల చాటున నేరాలు అయితున్నయనేది కోర్టు చూపెట్టిన ముఖ్య కారణం. ఆ ఏడాది డిసెంబరు 16 నాడు ఢిల్లీల ఒక ఆడబిడ్డ మీద దారుణం జరిగిన బస్సుకు కూడ నల్ల అద్దాలు, పరదాలే. ఆ తీర్పు ఉత్తగనే రాలేదని సమజ్ చేస్కోవాలె.

తర్వాత రూలు మారింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లకొచ్చిన సవరణల మామూలు సేఫ్టీ గాజుతోని పాటు, లోపలి దిక్కు ప్లాస్టిక్ పొర ఉండే గాజును కూడ ఒప్పుకున్నరు. 70, 50 శాతం లెక్క మాత్రం అట్లనే ఉంది. దీన్ని ఆధారం చేస్కొని 2024 సెప్టెంబరుల కేరళ హైకోర్టు, ఆ శాతాలకు లోబడి ఉన్న ఫిల్మ్ ఏసుకుంటె జుర్మానా ఏయొద్దని చెప్పింది. అది మంచి తీర్పే. కని కేరళ హైకోర్టు మాట మన రాష్ట్రాల కోర్టులకు ఆజ్ఞ కాదు, మన దిక్కు పోలీసులు ఇప్పటికీ 2012 తీర్పు పేరు చెప్పి ఫిల్మ్‌లు పీకిస్తనే ఉన్నరు. "యూట్యూబుల చూసిన, ఇప్పుడు లీగల్" అని దుకాణపోడు చెప్పిన మాట నమ్మి వేలు పెట్టే ముందు ఇది తెల్సుకొని పెట్టు. నల్ల ఫిల్మ్‌కైతె ఎక్కడా, ఏ కోర్టుల కూడ సందు లేదు.

లెక్క చేసి చూడు

ఇప్పుడు అసలు మర్మం. దుకాణంల "ఇది 50 శాతం ఫిల్మ్, లీగలే" అంటరు. కాదు. నీ బండి గాజు కూడ కొంత వెలుగును ఆపుతది. ఫిల్మ్ శాతం, గాజు శాతం గుణించాలె.

గాజు 75 శాతం పోనిస్తదనుకుందాం. దాని మీద 50 శాతం ఫిల్మ్ ఏస్తె, 75ల సగం, అంటె 37.5 శాతమే లోపలికి పోతది. పక్క అద్దానికి కావాల్సింది 50, అంటె తప్పు. అదే గాజు మీద 70 శాతం ఫిల్మ్ ఏస్తె 52.5 వస్తది, దాటుతది. ముంగటి అద్దానికి ఇంక కష్టం. గాజు 80 శాతం ఉండి, 90 శాతం ఫిల్మ్ ఏస్తె 72 వస్తది. గాజు 75 ఉంటె అదే ఫిల్మ్‌తోని 67.5కు పడిపోతది, తప్పు. అందుకే ఏసే ముందు దుకాణంల మీటరు పెట్టిచ్చి గాజు శాతం చూపియ్యమను. ఏసినంక మల్ల చూపియ్యమను. రెండు అంకెలూ బిల్లు మీద రాపిచ్చుకో. మీటరు లేని దుకాణమైతె ఇంకో దుకాణం చూస్కో.

పోలీసాయన ఆపితె గరం కావొద్దు. "సార్, మీటరు పెట్టి చూడుండ్రి" అని మర్యాదగ అడుగు, బిల్లు చూపియ్యి. ఇన్నడా మంచిది. ఇనకుంటె చలాన్ మీద ఏ రూలు, ఏ సెక్షన్ అనేది రాసిండ్రో చూసి తీస్కో. రోడ్డు మీద కొట్లాట నీకు గిట్టుబాటు కాదు, కాయితం మీద కొట్లాట కొంతన్న గిట్టుబాటు అయితది.

ఎవరి అద్దం పీకుతరు, ఎవరి అద్దం ఇడుస్తరు

2012 తీర్పుల మినహాయింపు ఉన్నది జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నోళ్లకే. అది కూడ ఊకెనే కాదు, పెద్ద పోలీసు అధికారి, హోం సెక్రటరీ ఉన్న కమిటీ చూసి ఒప్పుకుంటెనే. మరి మన మండలంల తిరిగే తెల్ల బండ్లను చూడుండ్రి. లోపల మనిషున్నడో లేడో తెల్వని నల్ల అద్దాలు. మాజీ జెడ్పీటీసీ, రియల్ ఎస్టేట్ సేటు, ఇసుక కాంట్రాక్టరు. వీళ్లల్ల ఎవరికి జెడ్ ప్లస్ ఉంది? చౌరస్తల ఆ బండి వస్తె సెల్యూట్ పడతది, ఎనుకనే వచ్చే టాక్సీ పోరని బండి ఆగుతది. కార్పొరేషన్ లోను మీదనో, దళితబంధు పైసలతోనో బండి తెచ్చుకొని నెత్తి మాడుతుంటె లేత ఫిల్మ్ ఏసుకున్నోని కాడ మీటరు కూడ లేకుంట పీకుతరు.

నల్ల ఫిల్మ్ ఏసుకోనియ్యుండ్రి అని నేను అడుగుతలేను. రూలు మంచిదే. అందరికీ ఒక్కటే ఉండాలె అంటున్న. ప్రతి స్టేషన్ల వెలుగు కొలిచే మీటరు ఉండాలె, కొలిచి, అంకె రాసి చలాన్ ఇయ్యాలె. ఎవరెవరికి మినహాయింపు ఉందో జిల్లాల ఎంతమంది అనే లెక్క ప్రజలకు చెప్పాలె. ఆర్టీఐ కింద ఇది అడగొచ్చు, పది రూపాయల ఫీజు. ఊర్లె చదువుకున్న పిల్లలు ఒక్కొక్క జిల్లా నుంచి ఒక్కొక్క దరఖాస్తు పెడితె ఆ లెక్క బయటకొస్తది.

పానాల మీది సంగతి

రెండు మాటలు ఫిల్మ్ రంగు కంటె పెద్దయి. 2025 మే నెలల విజయనగరం కాడ ద్వారపూడిల ఆడుకుంటున్న నలుగురు పిల్లలు ఆగి ఉన్న కారుల ఎక్కి, డోర్లు లాకై, బయటకు రాలేక చనిపోయిండ్రు. ఎండల మూసిన కారుల మొదటి అరగంటల్నే వేడి దబదబ పెరుగుతది, పెద్దోళ్ల కంటె పిల్లల ఒంట్లె తొందరగ ఎక్కుతది. ఏ ఫిల్మ్ కూడ దాన్ని ఆపదు. అద్దం నల్లగుంటె, లోపల పిల్లలున్నరని దారిన పోయేటోళ్లకు కూడ కనబడదు. ఫిల్మ్ ఆరాలని ఐదు దినాలు బండిని ఎండల పెడుతున్నవంటె, డోర్లన్ని లాక్ చేసి తాళంచెవి పిల్లలకు అందకుంట పెట్టు. ఇంట్ల పిల్లలు కనబడకుంటె బావి కాడికి ఉరికినట్టే కారు కాడికి కూడ ఉరకాలె.

రెండోది రాత్రి తొవ్వ. మన రోడ్ల మీద లైట్లుండవు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాళ్లు పెడతరు, ఎనుక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ పోతుంటది, బర్రెలు అడ్డమొస్తయి, నల్ల గొంగడి కప్పుకొని ముసలాయన నడుస్తుంటడు. పక్క అద్దం నల్లగుంటె మలుపుల కాడ ఆ మనిషి కనబడడు. సైడు మిర్రరు కూడ ఆ నల్ల అద్దంల నుంచే చూడాలె. 70, 50 అనే అంకెలు పోలీసుల కోసం పెట్టినయి కావు. ఆ గొంగడి ముసలాయన నీ కంటికి ఆనేటందుకు పెట్టినయి.

ఈ ఎండకాలం ఏపిచ్చుకునేటోళ్లు ఈ వరుస గుర్తు పెట్టుకుంటె చాలు. ముందు గాజు శాతం కొలిపిచ్చు, ఫిల్మ్ శాతంతోని గుణించు. టీఎస్ఈఆర్ చూసి లేత రంగుది కొను. షెడ్డుల ఏపిచ్చు, బిల్లు తీస్కో. ఐదు దినాలు అద్దం దించకు, నెల దాక లోపల తుడవకు, బుడగను ముట్టకు. నెల తర్వాత కూడ తప్పు కనబడితె బిల్లు పట్టుకొని పోయి మల్ల ఏపిచ్చుకో, అది నీ హక్కు.